గుహలో మిస్టరీ లేదు, హంతకుడి సంతకం ఉంది

గుహలో ఎముకలు కనబడితే చాలు, ‘మిస్టరీ’ అని పేరు పెట్టేస్తారు. చీకటి, టార్చిలైటు, వెనకాల భయపెట్టే మ్యూజిక్కు. ఎవరు చంపారన్నది ఆఖరిదాకా చెప్పరు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇవాళ నేను చెప్పే గుహ విషయంలో ఆ ముక్క ముందే చెప్పేస్తున్నా. చంపింది ఫ్రెంచి సైన్యం. ఆజ్ఞ ఇచ్చింది మార్షల్ బ్యూజో. నిప్పు పెట్టించింది కల్నల్ పెలిసియే. చనిపోయింది ఔలెద్ రియా అనే తెగ జనం. వాళ్ల పేర్లు అడుగుతారా? నా గొడవంతా ఆ పేర్ల గురించే.

చోటు అల్జీరియా. షెలిఫ్ నదికీ మధ్యధరా సముద్రానికీ మధ్య దహ్రా కొండలున్నాయి. ఫ్రాన్స్ 1830లో ఆ దేశం మీద పడింది. ఎమీర్ అబ్దుల్ ఖాదిర్ నాయకత్వంలో తెగలు ఏళ్ల తరబడి ఎదురు తిరిగాయి. గవర్నర్ జనరల్‌గా వచ్చిన బ్యూజో యుద్ధం చేసిన పద్ధతేంటో తెలుసా? పంట తగలబెట్టు, గొడ్లను తోలుకుపో, గాదెలు ఖాళీ చెయ్యి. తిండి లేకపోతే తెగ దానంతటదే కాళ్ల దగ్గరికొస్తుందని లెక్క. 1845లో బూ మాజా అనే యువకుడు దహ్రాలో మళ్లీ తిరుగుబాటు లేపాడు. ఫ్రెంచి దళాలు కొండలెక్కాయి.

ఔలెద్ రియా వాళ్లకు ఘార్ ఎల్ ఫ్రాషీష్ అనే పెద్ద గుహ ఉంది. టర్కీ పాలకుల కాలంలో కూడా ఆపదొస్తే అందులోకే పోయేవాళ్లు. అక్కడినుంచి వాళ్లను ఎవడూ లాగలేకపోయాడు. ఈసారీ ఆడోళ్లు, పిల్లలు, ముసలోళ్లు, గొడ్లు, మూటాముల్లెతో లోపలికి పోయారు. అడివిలో పుట్టినోడికి కొండే కోట. ఈ మాట మీకు వేరే చెప్పక్కర్లేదు.

బ్యూజో జూన్ 11న ఇచ్చిన ఆజ్ఞ సారాంశం ఇది: గుహల్లో దాక్కుంటే నక్కలకు పెట్టినట్టు పొగ పెట్టండి. పైగా అంతకుముందే కవేన్యాక్ అనే అధికారి స్బేహ్ తెగ మీద ఇదే పని చేశాడు, అతన్ని చూసి నేర్చుకోండి అన్నాడు. కాబట్టి ‘సైనికులు కోపంలో హద్దు మీరారు’ అనే సాకు ఇక్కడ చెల్లదు. పైనుంచి వచ్చిన పద్ధతి ఇది.

జూన్ 18న పెలిసియే దళం గుహను చుట్టుముట్టింది. బేరాలు నడిచాయి. ముందు మీ సైన్యం వెనక్కి పోవాలి, అప్పుడు బయటికొస్తాం అన్నారు లోపలోళ్లు. చెరసాలలో వేస్తారని వాళ్ల భయం. పెలిసియే ఒప్పుకోలేదు. కట్టెల మోపులు, గడ్డి గుహ నోట్లో పడేయించి నిప్పు పెట్టించాడు. రాత్రంతా మంట ఆరనివ్వలేదు. పొమ్మనలేక పొగబెట్టడం అని మనం సామెతగా వాడతాం. ఆ రాత్రి పొగ పొమ్మనడానికి కూడా కాదు.

తెల్లారి లోపలికి పోయిన సైనికులకు మనుషులూ గొడ్లూ కలిసిపోయిన కుప్పలు కనిపించాయి. ఎంతమంది? పెలిసియే రిపోర్టులో 500 పైచిలుకు. అక్కడే ఉండి చూసిన ఒక స్పెయిన్ అధికారి ఉత్తరం మాడ్రిడ్ పత్రికలో వచ్చింది. ఇతర కథనాల్లో లెక్క 760, ఇంకొన్నిట్లో వెయ్యి. చూశారా, హంతకుల దగ్గర కూడా మన ప్రాణాల లెక్క సరిగ్గా ఉండదు. ఇంద్రవెల్లి గుర్తొచ్చిందా? 1981 ఏప్రిల్ 20. సర్కారు లెక్క 13. జనం లెక్క దానికి ఎన్నో రెట్లు. రెండు నేలలూ వేరు, కాలాలూ వేరు. చంపినోడే లెక్క రాస్తాడన్నది మాత్రం రెండుచోట్లా ఒకటే.

పెలిసియే రిపోర్టు పారిస్ చేరింది. జులై 11న ఎగువసభలో ఒక సభ్యుడు దాన్ని లేవనెత్తి నిలదీశాడు. యుద్ధమంత్రి సూల్త్ విచారం వెలిబుచ్చాడు. బ్యూజో మాత్రం బాధ్యత నాదేనన్నాడు, జరిగిందాన్ని సమర్థించుకున్నాడు. శిక్ష? ఎవరికీ లేదు. పెలిసియే తర్వాత మార్షల్ అయ్యాడు, డ్యూక్ అయ్యాడు, 1860లో అదే అల్జీరియాకు గవర్నర్ జనరల్‌గా వచ్చాడు.

అయినా సభలో గోల జరిగింది కదా, సైన్యం ఏం పాఠం నేర్చుకుంది? నా దృష్టిలో, రిపోర్టు రాయకూడదనే పాఠం. ఎందుకంటే రెండు నెలలు తిరక్కుండానే, ఆగస్టులో, సాంతార్నో అనే ఇంకో కల్నల్ స్బేహ్ జనం దాక్కున్న గుహకు దారులన్నీ మూయించేశాడు. మంట లేదు, పొగ లేదు, శవాలు బయటికి తీయడం లేదు. గుట్టుగా మార్షల్‌కు చెప్పుకున్నాడు. తమ్ముడికి మాత్రం ఉత్తరం రాశాడు. లోపల 500 మంది ఉన్నారని, ఆ సంగతి తనకు తప్ప ఎవరికీ తెలియదని, తన మనస్సాక్షికి మచ్చేమీ లేదని. అతను 1854లో చచ్చాక కుటుంబం ఆ ఉత్తరాలను దాచిపెట్టలేదు. 1855లో గర్వంగా అచ్చేసింది! ఇంట్లోవాళ్లకు అందులో సిగ్గుపడాల్సిందేమీ కనిపించలేదన్నమాట.

ఇప్పుడు చెప్పండి, మిస్టరీ ఎక్కడుంది? ఆజ్ఞ కాగితం మీద ఉంది. రిపోర్టు ఉంది. ఉత్తరం ఉంది. హంతకుడి పేరు, హోదా, తేదీ, అన్నీ ఉన్నాయి. లేనివి చనిపోయినవాళ్ల పేర్లు. ఆ గుహలో పురిటి బిడ్డను ఎత్తుకున్న తల్లి పేరేంటి? బేరానికి బయటికొచ్చిన పెద్దమనిషి పేరేంటి? రాతగాళ్లు ఆ పేర్లు అడగలేదు. వాళ్లకు అవసరమైంది సంఖ్య ఒక్కటే, అదీ గెలుపు చూపించుకోవడానికి. అల్జీరియా రచయిత్రి అసియా జబార్ 1985లో వచ్చిన తన నవలలో ఈ గుహల దగ్గరికి పోయింది. ఆమెకు కూడా ఆధారం ఆ సైనికుల రాతలే. చంపినోడి కాగితంలోంచి చచ్చినోళ్ల గొంతు వెతకాల్సి రావడం ఎంత కష్టమో, ఎంత మంటో ఒక్కసారి ఆలోచించండి.

అందుకే నాకు ‘అంతుచిక్కని రహస్యం’ అనే మాట మీద కోపం. ఆ మాట వాడగానే నేరం కాస్తా వింతయిపోతుంది. సైన్యం ఫ్రేములోంచి తప్పుకుంటుంది. గుహకేదో శాపం ఉన్నట్టు, చీకటే జనాన్ని మింగినట్టు చెప్పుకుంటాం. గుహకు చేతులు లేవు కదా, కట్టెలు మోసింది ఎవరు?

సెతిఫ్ దగ్గరి ఎల్ యూల్మా పట్టణాన్ని వలస పాలన ఉన్నంతకాలం సాంతార్నో అనే పిలిచారు. 1962లో స్వాతంత్ర్యం వచ్చాకే ఆ పేరు పోయింది. పారిస్‌లో బ్యూజో పేరున్న అవెన్యూ పేరు మార్చింది 2024లో. బ్యూజో, పెలిసియే, సాంతార్నో, ముగ్గురి సమాధులూ పారిస్‌లో నెపోలియన్ సమాధి ఉన్న అన్వలీద్‌లోనే ఉన్నాయి, ఎవరి పేరు వాళ్లకు చెక్కి.