సోమవారం సైకిల్ సంగతి

మా ఆఫీసు ఉన్న భవనం గేటు దగ్గర నన్ను మొదటిసారి ఆపిన రోజు నాకు బాగా గుర్తు. ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు తొక్కుకుంటూ వచ్చాను. కార్లకు కిందికి దిగే ర్యాంపు ఉంది, స్కూటర్లకూ బైకులకూ పక్కనుంచి ఇంకో దారి ఉంది. గార్డు చెయ్యి అడ్డం పెట్టి, "సైకిల్ లోపలికి రాదు సార్" అన్నాడు. ఎందుకు రాదన్నా అంటే, "సైకిల్‌కి టోకెన్ లేదు సార్. కారుకుంది, బండికుంది" అన్నాడు. మరి ఎక్కడ పెట్టుకోవాలని అడిగితే ఆయనే నన్ను ప్రహరీ వెనక్కి తీసుకెళ్లాడు. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన కరెంటు స్తంభానికి నాలుగు సైకిళ్లు గొలుసులతో కట్టి ఉన్నాయి. ఒకదాని సీటుకి వాన పడకుండా పాలిథిన్ కవరు తొడిగి, రబ్బరు బ్యాండు బిగించారు. "ఇది నాదే సార్, దీని పక్కన పెట్టుకోండి" అన్నాడు.

తర్వాత నెల తిరక్కుండానే జూన్ 3, ప్రపంచ సైకిల్ దినం, వచ్చింది. లాబీలో బ్యానర్ కట్టారు. తెల్లటి టీషర్టులు పంచారు. ఐదు కిలోమీటర్ల రైడ్, ఫొటోలు, ఇడ్లీ, కాఫీ. ఆ గార్డే రోడ్డు మీద కోన్లు పెట్టి కార్లను ఆపాడు. మర్నాడు నేను మళ్లీ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికే వెళ్లాను.

మన నగరాల్లో సైకిల్ కాలం అయిపోయిందనీ, జనంలో అవగాహన పెంచి దాన్ని మళ్లీ తేవాలనీ ఒక మాట స్థిరపడిపోయింది. మంత్రులు అంటారు, అధికారులు అంటారు, కంపెనీల్లో హెచ్‌ఆర్ వాళ్లు అంటారు. పర్యావరణం మీద నిజమైన ప్రేమ ఉన్న నా స్నేహితులూ అంటారు. ఐక్యరాజ్యసమితి 2018లో ప్రపంచ సైకిల్ దినం ప్రకటించింది కాబట్టి ఏటా ఒక రోజు పండుగ. 2024 డిసెంబరులో కేంద్ర క్రీడల శాఖ 'సండేస్ ఆన్ సైకిల్' మొదలుపెట్టింది కాబట్టి ఆదివారాలూ పండుగే. వీళ్ల చిత్తశుద్ధిని నేను శంకించడం లేదు. వీళ్లు లెక్క మొదలుపెట్టిన చోటే తప్పుంది. సైకిల్ ఎక్కడికీ పోలేదు. దాన్ని తొక్కేవాళ్లు మన కంటికి ఆనడం లేదు.

పొద్దున ఐదున్నరకి హైదరాబాద్‌లో ఏ కాలనీలోనైనా నిలబడండి. ముందు పేపర్ వేసే కుర్రాళ్లు వస్తారు. ఆ తర్వాత రాత్రి డ్యూటీ దిగి ఇంటికి వెళ్తున్న వాచ్‌మన్లు. ఏడు దాటాక తాపీ మేస్త్రీలు, సెంట్రింగ్ కూలీలు. క్యారేజీకి బిగించిన గోనెసంచిలోంచి రసమట్టం చివర బయటికి కనిపిస్తుంటుంది, హ్యాండిల్‌కి అన్నం డబ్బా వేలాడుతుంటుంది. హ్యాండిల్‌కి ఫ్లాస్కు కట్టుకుని కట్టడాల దగ్గర టీ అమ్మేవాళ్లు వస్తారు. వీళ్లలో ఒక్కరికీ ఎవరూ అవగాహన కల్పించలేదు. ఒక్కరికీ ఎవరూ టీషర్టు ఇవ్వలేదు.

2011 జనగణన జనం పనికి ఎలా వెళ్తున్నారో అడిగింది. సేద్యం, వ్యవసాయ కూలి, కుటీర పరిశ్రమ కాక తక్కిన పనులు చేసేవాళ్లు దేశంలో దాదాపు 20 కోట్లని తేలింది. వాళ్లలో సైకిల్ మీద వెళ్లేవాళ్లు 13 శాతం. స్కూటర్లు, మోటార్‌సైకిళ్లు, మోపెడ్లు అన్నీ కలిపినా 13 శాతానికి కాస్త తక్కువే. కార్లు, జీపులు, వ్యాన్లలో వెళ్లేవాళ్లు మూడు శాతం లోపు. ఆనాటికి దేశంలో దాదాపు 45 శాతం ఇళ్లలో సైకిల్ ఉంది, కారున్న ఇళ్లు ఐదు శాతం కూడా లేవు. ఈ పదిహేనేళ్లలో బైకులు బాగా పెరిగాయి, ఒప్పుకుంటాను. అయితే మన రోడ్లు వేసింది ఎవరికోసం? ఫ్లైఓవర్లు ఎవరికోసం? సిగ్నల్ దగ్గర పచ్చ దీపం ఎన్ని సెకన్లు వెలగాలో ఎవరి వేగాన్ని బట్టి పెట్టారు? మూడు శాతం కోసం ఊళ్లను కోసి, పదమూడు శాతం తగ్గిపోయిందని సంతాపసభలు పెట్టడం అన్యాయం.

ఇదంతా వనరులు లేక జరిగింది కాదు, చూపు లేక జరిగింది. 2013లో కోల్‌కతా పోలీసులు 174 రోడ్ల మీద సైకిళ్లను నిషేధించారు. ట్రాఫిక్ వేగం తగ్గుతోందన్నారు. పాలు మోసేవాడూ, చేపలు మోసేవాడూ, తల్లి కోసం మందులు తేవడానికి వెళ్లేవాడూ వాళ్ల కంటికి ట్రాఫిక్ కాదు, ట్రాఫిక్‌కి అడ్డం. అక్కడ పోలీసులు నోటిఫికేషన్‌లో రాసింది మా భవనం గేటు దగ్గర నోటిమాటగా అమలైంది.

మన మంచితనంలోనూ ఇదే చూపు ఉంది. 2021లో హైదరాబాద్‌లో ఒక కుర్రాడు సైకిల్ మీద వచ్చి టీ పార్సిల్ ఇచ్చి వెళ్లాడు. వానలో తడుస్తూ అంత దూరం తొక్కుకుంటూ వచ్చిన అతన్ని చూసి కస్టమర్ కదిలిపోయాడు. విషయం నలుగురికీ చెప్పాడు. గంటల్లోనే డెబ్భై వేలకు పైగా పోగయ్యాయి, కుర్రాడికి మోపెడ్ కొనిచ్చారు. ఆ సాయాన్ని నేను తప్పు పట్టను. ఆ కుర్రాడికి అది బతుకు సుఖపడే సంగతి, రోజుకు నాలుగు ఆర్డర్లు ఎక్కువ చేసే సంగతి. నన్ను బాధపెట్టేది వేరే. సైకిల్ తొక్కేవాడిని చూస్తే మనకు తట్టేది ఒక్కటే: పాపం, వీణ్ని దీని మీంచి దించాలి. అతను క్షేమంగా, ఎండ తగలకుండా, తలెత్తుకుని ఆ సైకిల్ మీదే వెళ్లేలా రోడ్డు ఉండాలన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. అతని వెనకే ఇంకో వంద మంది కుర్రాళ్లు సైకిళ్ల మీదే ఉన్నారు.

ఇక ఎండ సంగతి. మన ఎండలకు సైకిల్ పనికిరాదని చదువుకున్నవాళ్లు తేల్చేస్తారు. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి నిజమే, పనికిరాదు. కానీ ఆఫీసులు మొదలయ్యేది మధ్యాహ్నం రెండింటికి కాదు. పైగా ఎండకు విరుగుడు మనకు తెలియనిదీ కాదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేసి, దాని మీద సోలార్ పలకలతో కప్పు కట్టారు. 2023 అక్టోబరు 1న తెరిచారు. వెడల్పు నాలుగున్నర మీటర్లు. పై నుంచి 16 మెగావాట్ల కరెంటు, కింద నీడ. నిజంగా మెచ్చుకోవలసిన పని. నేనూ వెళ్లి తొక్కి వచ్చాను, చల్లగా హాయిగా ఉంది. కానీ ఆదివారం పొద్దున అక్కడ నేను చూసింది, కార్ల వెనక సైకిళ్లు బిగించుకుని వచ్చి, రెండు గంటలు తొక్కి, మళ్లీ కార్లలో వెళ్లిపోయే జనాన్ని. వ్యాయామం మంచిదే, ఆ మాట కాదనను. అయితే ఆ నీడలో ఒక్క కిలోమీటరైనా మెట్రో స్టేషన్ నుంచి ఆఫీసుల దాకా పడి ఉంటే? కూకట్‌పల్లిలో గదులు అద్దెకు తీసుకుని మాదాపూర్‌లో ఊడ్చేవాళ్లకూ, కాపలా కాసేవాళ్లకూ పడి ఉంటే? నీడ ఎలా వెయ్యాలో మనకు తెలుసు. ఎవరి నెత్తిన వెయ్యాలన్న దగ్గరే తప్పు చేస్తున్నాం.

రోడ్లు ఇరుకు అనే వాదన కూడా నిలవదు. ఇరుకు రోడ్డుకి రెండు వైపులా కార్లు ఆపుకోవడానికి చోటు దొరుకుతోంది కదా. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం రోడ్డు మీద చోటును బండ్లకు కాదు, మనుషులకు పంచాలని స్పష్టంగా చెప్పింది. అది వచ్చి ఇరవై ఏళ్లు కావస్తోంది. 2020లో కేంద్రం పెట్టిన 'ఇండియా సైకిల్స్ ఫర్ చేంజ్' పోటీలో గెలిచిన 11 నగరాల్లో మన వరంగల్ ఉంది. పెయింటు, కోన్లు వాడి సైకిల్ దారి గీసి చూడటానికి కోట్లు అక్కర్లేదని ఆ పోటీయే తేల్చింది. గీసిన దారిలో కార్లు ఆపకుండా చూడటానికే మనసు కావాలి.

ఉత్సవాలన్నీ దండగ అని నేను అనడం లేదు. ఉత్సవం ఎవరి కోసం, అది ముగిశాక ఏం మిగులుతుంది అన్నదే నా ప్రశ్న. దీనికి మన పొరుగునే జవాబుంది. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టైలో అరివొళి అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. అప్పుడు కలెక్టరుగా ఉన్న షీలారాణి చుంకత్ చదువుతో పాటు ఆడవాళ్లకు సైకిల్ నేర్పించడమూ పనిగా పెట్టుకున్నారు. జర్నలిస్టు పి. సాయినాథ్ ఆ సంగతులు వివరంగా రాశారు. రాతి క్వారీల్లో పనిచేసే ఆడవాళ్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు, పొలం కూలీలు, నర్సులు వేల సంఖ్యలో నేర్చుకున్నారు. ర్యాలీలు జరిగాయి, పాటలు పుట్టాయి, నేర్చుకునే శిబిరాలకు పల్లెలు కదిలి వచ్చాయి. ఆడవాళ్ల సైకిళ్లు చాలక మగవాళ్ల సైకిళ్లే పట్టుకున్నారు. ముందు అడ్డంగా ఉండే కడ్డీ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చని కొందరికి అవే నచ్చాయి. అసలు సంగతి ఏమిటంటే, సైకిల్ కొనుక్కోవడానికి వాళ్లకు అప్పులు ఇప్పించారు. బస్సు కోసం గంటలు కాచుకునే తల్లికి, నీళ్లు మోసే అమ్మాయికి ఆ సైకిల్ మర్నాటి నుంచే పనికొచ్చింది. అక్కడ ర్యాలీ చేసింది సైకిల్ అవసరమున్న మనుషులు. మన ర్యాలీల్లో వాళ్లు కోన్లు పెడతారు.

బిహార్‌లో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిల్ కొనుక్కోవడానికి డబ్బిచ్చారు. హైస్కూల్లో చేరే ఆడపిల్లలు దాదాపు 30 శాతం పెరిగారని ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిషీత్ ప్రకాశ్ లెక్కతేల్చారు. మన ఆంధ్రప్రదేశ్‌లోనూ 'బడికొస్తా' పేరుతో ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చారు. ఆ పిల్లలకు సైకిల్ మేలు గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. బడి దూరంగా ఉంది, సైకిల్ చేతికొచ్చింది, తొక్కారు. కొలంబియా రాజధాని బొగొటా 1974 నుంచి ఆదివారాలు రోడ్లను కార్లకు మూసి జనానికి వదులుతోంది. అయితే ఆ ఊరు అక్కడితో ఆగలేదు, 1990ల చివర నుంచి వందల కిలోమీటర్ల సైకిల్ దారులు వేసింది. ఆదివారం రుచి చూపించి, సోమవారానికి దారి వేసింది.

కంపెనీలకు నేను చెప్పేదీ ఇదే. ఉద్యోగికి కంపెనీ ఇచ్చిన వాహనంలో ఇంటికీ ఆఫీసుకీ తిరిగితే ఆ సౌకర్యాన్ని ఆదాయపు పన్ను చట్టం జీతంలో కలిపి చూడదు. చట్టం వాహనం అంది గాని కారు అనలేదు. మరి ఏ కంపెనీ అయినా తన గార్డుకి సైకిల్ కొనిచ్చిందా? బ్రిటన్ 1999లోనే ఒక ఏర్పాటు చేసింది. యజమాని సైకిల్ కొనిస్తాడు, ఉద్యోగి జీతంలోంచి పన్ను పడకముందే నెలనెలా కొంత కట్టుకుంటాడు. బెల్జియంలో 2023 మే నుంచి ప్రైవేటు కంపెనీలు సైకిల్ మీద వచ్చే ఉద్యోగికి కిలోమీటరుకు 27 సెంట్ల చొప్పున ఇవ్వాలని ఒప్పందం వచ్చింది. మన దగ్గర 2025 సెప్టెంబరులో సైకిళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. మంచిదే, కానీ కొన్నాక రోజూ తొక్కేవాడికి ఏమిటి?

కిలోమీటరుకు మూడు రూపాయలు అనుకుందాం. రానూ పోనూ పది కిలోమీటర్లు, నెలకు పాతిక రోజులు: 750 రూపాయలు. బేస్‌మెంట్‌లో ఒక కారు ఆగడానికి చోటు కట్టి, దీపం పెట్టి, కాపలా పెట్టే కంపెనీకి అది లెక్కలోకి రాని మొత్తం. గార్డుకీ, హౌస్‌కీపింగ్ ఆమెకీ అది పిల్లల ట్యూషన్ ఫీజు. అయితే ఒక్క షరతు. అలాంటి భత్యం ల్యాప్‌టాప్ బ్యాగ్ వేసుకున్నవాళ్లకే ఇస్తే మళ్లీ అదే తప్పు జరుగుతుంది. కాంట్రాక్టర్ కింద ఉన్నవాళ్లకు ముందు ఇవ్వాలి. వాళ్లు ఇప్పటికే తొక్కుతున్నారు, వాళ్లను మార్చాల్సిన పని లేదు, వాళ్లకు రావలసింది ఇస్తే చాలు. టేబుల్ దగ్గర పనిచేసేవాళ్లు ఎందుకు తొక్కరో నాకు తెలుసు: సైకిల్ దిగితే హోదా దిగినట్టుంటుంది. గేటు దగ్గర టోకెన్ దొరకని వాహనానికి హోదా ఎక్కడి నుంచి వస్తుంది?

భవనం అసోసియేషన్ చుట్టూ ఏడాది తిరిగాను. సైకిళ్లకు చోటు ఇస్తే అందరూ అడుగుతారన్నారు. అడగాలనే కదా అన్నాను. చివరికి బేస్‌మెంట్‌లో లిఫ్టు దగ్గర ఒక్క కారు చోటు వదిలారు. వెల్డింగ్ షాపు నుంచి ఇనుప గొట్టాల స్టాండు చేయించాం. పన్నెండు సైకిళ్లు పట్టాయి. మొదటి సోమవారం ఏడు నిండాయి: గార్డులవి మూడు, హౌస్‌కీపింగ్ వాళ్లవి రెండు, క్యాంటీన్‌లో వంట చేసే ఆయనది ఒకటి, నాది ఒకటి. మూడో వారంలో రెండో అంతస్తులో అకౌంట్స్ చూసే అబ్బాయి గేటు దగ్గర సైకిల్ దిగి, లోపలికి తీసుకెళ్లొచ్చా అని అడిగాడు. గార్డు టోకెన్ రాసిచ్చాడు. ఆయన తన సైకిల్ సీటు మీది పాలిథిన్ కవరు ఎప్పుడో తీసేశాడు.