ఉద్దానానికా మొక్కల పాఠం!

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటికి వచ్చి చెట్లు నాటమని చెప్పిన పెద్దమనిషిని ఈ కళ్లతో చూశాను. కారు దిగాడు గానీ ఇంజను ఆగలేదు. లోపల చల్లదనం పోతుందని డ్రైవరు దాన్ని అలాగే ఉంచాడు. అరగంట సేపు భూతాపం మీద మాట్లాడాడు. గుడ్డసంచి వాడమన్నాడు, ఫ్యాను కట్టెయ్యమన్నాడు, తలో మొక్కా నాటమన్నాడు. ముందు బెంచీ మీద కూర్చున్న ముసలాయనకి డెబ్బై దాటి ఉంటాయి. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆయన చేసింది చెట్లు పెంచడమే. కొబ్బరి నీడన పనస, పనస పక్కన జీడి, గట్టు మీద మునగ. ఆయన పక్కవాడి వైపు వంగి మెల్లగా అడిగాడు: "ఈ బాబు మనకేటి సెప్తన్నాడ్రా?"

నేనూ అదే అడుగుతున్నాను.

వేడి ఎక్కడ పుట్టిందో ముందు తేల్చుకుందాం. బొగ్గూ పెట్రోలూ కాల్చడం మొదలెట్టక ముందు గాలిలో పది లక్షల పాళ్లకి 280 పాళ్ల కార్బన్ డయాక్సైడ్ ఉండేది. ఇప్పుడది 420 దాటింది. ఎండని లోపలికి రానిచ్చి, నేల వెనక్కి వదిలే వేడిని పట్టి ఉంచడం ఆ వాయువు గుణం. అలా మిగిలిపోయిన వేడిలో నూటికి తొంభై వంతులకు పైగా సముద్రాలే మింగాయి. 2024లో భూమి సగటు వేడి, యంత్రాలు రాకముందు కాలం కంటే ఒకటిన్నర డిగ్రీలు మించింది. ఒకటిన్నర డిగ్రీలేనా అనుకోకండి. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకుంటుంది. ఆ ఆవిరే తుపానుకి తిండి.

తిత్లీ తుపాను ఏం తిని బలిసిందో పలాస, వజ్రపుకొత్తూరు, మందస వాళ్లకి తెలుసు. 2018 అక్టోబరు 8న అది వాయుగుండం. 10వ తేదీకి అతి తీవ్ర తుపాను. 11 తెల్లవారుజామున గంటకి 140 కిలోమీటర్లకు పైబడిన గాలితో పలాస దగ్గర తీరం దాటింది. తుపాన్లు మా తాతలకీ తెలుసు, కాదనను. ఫలానా తుపాను మొత్తం భూతాపం వల్లే వచ్చిందని సైన్సు కూడా అనదు. కానీ వెచ్చని సముద్రం మీద రెండు రోజుల్లో ఇంత బలం పుంజుకునే గుణం పెరుగుతోందని అంటోంది. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, 2021లో కళింగపట్నం దగ్గర గులాబ్. ఏ పేరు పెట్టినా పడేది మా చెట్టే.

ఇక్కడ కొబ్బరి చెట్టుని పెద్దకొడుకుతో సమానంగా చూస్తారు. మొక్క పాతాక గెల చూడాలంటే ఆరేడేళ్లు ఆగాలి. అలాంటి తోటలు ఒక్క రాత్రికి వేళ్లతో సహా లేచిపోయాయి. సర్కారు చెట్టుకింత అని లెక్కగట్టి ఇచ్చింది. ఆరేడేళ్ల ఖాళీ కడుపుకి మాత్రం లెక్కలేదు. తోట పోయినవాడు రైలెక్కాడు, హైదరాబాదు, చెన్నై కట్టడాల్లో ఇటుకలు మోశాడు. వేట సాగని మత్స్యకారుడైతే గుజరాత్ వెరావల్ బోట్లలో కూలి. అలాంటివాడి దగ్గరికొచ్చి ఫ్యాను కట్టెయ్యమంటారా?

ఇప్పుడు అసలు సంగతి. భూమిని కాపాడాలని ఉపన్యాసాలిచ్చేవాళ్లు చేయలేనిది ఈ జిల్లా జనం ఎప్పుడో చేసేశారు, ఒంటి మీద తూటాలు తిని మరీ. సోంపేట బీలలో నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీ 2640 మెగావాట్ల బొగ్గు కేంద్రం కడతానంది. వరి పండి చేపలు దొరికే ఆ నీటి భూమి కాగితాల మీద పనికిరాని బంజరైపోయింది. 2010 జులై 14న పోలీసులు కాల్పులు జరిపారు. ఇద్దరు చనిపోయారు. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతి రద్దు చేసింది. తీర్పూ తూటా ఒకే తేదీన వచ్చాయి. ఏడాది తిరక్కుండానే, 2011 ఫిబ్రవరి 28న, అలాంటి నీటి భూమే అయిన కాకరాపల్లి తంపర దగ్గర కాల్పుల్లో మరో ఇద్దరు చనిపోయారు. అక్కడా 2640 మెగావాట్ల బొగ్గు కేంద్రమే, ఆ పనీ సగంలో నిలిచిపోయింది. బతికినవాళ్లు ఏళ్ల తరబడి దీక్షా శిబిరానికీ కోర్టుకీ మధ్య తిరిగారు.

నేను చిన్న లెక్క కట్టాను. 2640 మెగావాట్ల కేంద్రం ఏడాదిలో మూడింట రెండొంతుల కాలం నడిస్తే 1500 కోట్ల యూనిట్లు. బొగ్గుతో తీసే యూనిట్‌కి దాదాపు కిలో కార్బన్ డయాక్సైడ్. అంటే ఏటా సుమారు కోటిన్నర టన్నులు. మన దేశంలో సగటు మనిషి వాటా ఏటా రెండు టన్నులు. 2011 జనాభా లెక్కల ప్రకారం పాత శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జనం కలిపి యాభై లక్షలు. ఈ యాభై లక్షల మంది పొయ్యిలూ బళ్లూ లైట్లూ అన్నీ ఆర్పేసి చీకట్లో కూర్చున్నా, సోంపేటలో లేవకుండా ఆగిన పొగకి సాటిరాదు. ఇంకా గుడ్డసంచి గురించి చెబుతారా?

కరెంటు వద్దా అని గద్దిస్తారు. కావాలి. మా ఇంట్లోనూ మోటారుంది. బీలని పూడ్చకుండా కరెంటు రాదని ఎవడు చెప్పాడు? కేంద్రంలో విద్యుత్ శాఖ కార్యదర్శిగా చేసిన ఈ.ఎ.ఎస్. శర్మే బీల జనం పక్షాన నిలబడ్డారు. ఆయనకి కరెంటు విలువ తెలియదా? వానాకాలం నీరు దాచుకుని వేసవిలో వదిలే బీలా తంపరా ఏ ఇంజనీరూ కట్టని రిజర్వాయర్లు. వాటిని బూడిదతో నింపాక వరద మీదకొస్తే ప్రకృతి వైపరీత్యం అంటారు.

ఎండ సంగతీ చెప్పాలి. 2015 మే నెల వడగాడ్పులకి మన రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా చచ్చిపోయారు. అందులో ఎక్కువమంది కూలోళ్లూ ముసలోళ్లూ. ఉద్దానం జనాన్ని ఏళ్లుగా పీడిస్తున్న కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. మధ్య అమెరికా చెరుకు కూలీల్లో ఇలాంటి జబ్బే ఉంది, అక్కడ ఎండలో వంగి పనిచేయడాన్నీ ఒంట్లో నీరింకిపోవడాన్నీ అనుమానిస్తున్నారు. ఆ అనుమానం చాలదా, ఉపాధి పని తెల్లారగట్ల మొదలెట్టి పది గంటలకి ఆపడానికి? మస్టరు కోసం మిట్టమధ్యాహ్నం నిలబెట్టడం మానడానికి? దీనికి ఏ పారిస్ ఒప్పందమూ అక్కర్లేదు, ఒక్క కలెక్టరు సంతకం చాలు.

తీరాన ఇసుక దిబ్బలు చదును చేయకండి. మొగలి పొదలు నరక్కండి. కొబ్బరి రైతుకి చెట్టు ధరతో సరిపెట్టక, గెల చేతికొచ్చేదాకా ఏటేటా పరిహారమివ్వండి. పూసపాటిరేగ, భోగాపురం ఒడ్డున వేట పోయిన రోజుకి కూలి కట్టివ్వండి. ఇవన్నీ ఖర్చే. పొగ పెట్టి లాభపడినవాడే భరించాలి.

మొక్కంటారా? తిత్లీ మర్నాడే ఆ ముసలాయన కూలిన చెట్ల మధ్య గోతులు తీయడం మొదలెట్టాడట. ఆ కొబ్బరి ఇప్పుడిప్పుడే గెల వేస్తోంది. ఈలోగా సరుబుజ్జిలి, బూర్జ మండలాల్లో మళ్లీ థర్మల్ మాట వినబడుతోంది. ఆదివాసులు వద్దని రోడ్డెక్కారు. సభకొచ్చిన ఆ పెద్దమనిషి ఈసారి కారు అటు తిప్పి, వాళ్ల పక్కన ఓ గంట కూర్చుని చూడాలి. ఇంజను ఆపేసి.