పట్టాలో పేరు లేనివాళ్ల మాట ఎవరు వినాలి?

గత ముప్ఫై అయిదేళ్లలో ముత్తుకూరు తీరానికి అభివృద్ధి మూడుసార్లు వచ్చింది. 1990ల్లో కండలేరు పాయ చుట్టూ రొయ్యల చెరువులుగా వచ్చింది. 2008లో కృష్ణపట్నం రేవుగా వచ్చింది. ఆ వెనకే బొగ్గు విద్యుత్ కేంద్రాలుగా వచ్చింది. నేలటూరు కేంద్రం ఒక్కటే 2022లో మూడో యూనిట్‌తో 2,400 మెగావాట్లకు పెరిగింది. మూడుసార్లూ భూమి రూపం మారింది. మూడుసార్లూ మొదట అడిగిన ప్రశ్న ఒక్కటే: పట్టా ఎవరిది, ఎకరం ఎంత?

ఈ ప్రశ్నలోనే స్త్రీలు తప్పిపోతున్నారు. 2015-16 వ్యవసాయ గణాంకాల ప్రకారం దేశంలోని కమతాల్లో స్త్రీలు సాగుదారులుగా నమోదైనవి దాదాపు 14 శాతమే. నాట్లకూ కలుపుకూ పోయే కూలి మనిషికి పట్టా లేదు. గట్టున గడ్డి కోసి బర్రెను సాకే ఆమెకు లేదు. చేపలు కొని గంపనెత్తుకుని ఊళ్లు తిరిగే ఆమెకూ లేదు. కానీ బావి నీళ్లు ఉప్పు తిరిగితే బిందె పట్టుకుని దూరం నడవాల్సింది వీళ్లే. ఇసుకలో ఆరబెట్టిన చేపల మీద దుమ్ము పడితే ఆ రోజు బేరం పోయేది వీళ్లకే. పరిహారం పట్టాను వెతుక్కుంటూ పోతుంది, నష్టం మాత్రం పట్టా అడగకుండానే ఇంట్లోకి వస్తుంది.

ఈ నష్టాన్ని లెక్కకట్టలేమని అధికారులు అంటుంటారు. లెక్కకట్టిన సందర్భం ఉంది. రొయ్యల చెరువుల మీద తమిళనాడు సర్వోదయ నాయకుడు జగన్నాథన్ వేసిన కేసులో జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' సుప్రీంకోర్టుకు నివేదిక ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో చెరువుల వల్ల వచ్చే ఆదాయం కంటే పర్యావరణానికీ ప్రజలకూ జరిగే నష్టం దాదాపు నాలుగు రెట్లని అందులో తేల్చింది. 1996 డిసెంబరు 11న కోర్టు తీర ప్రాంత నియంత్రణ మండలంలోని చెరువులను తొలగించమంది. అక్కడి కూలీలకు ఆరేళ్ల వేతనం పరిహారంగా ఇవ్వమంది. కూలి మనిషిని బాధితుల లెక్కలో చేర్చిన తీర్పు అది. కానీ 2005లో పార్లమెంటు చేసిన తీరప్రాంత ఆక్వాకల్చర్ చట్టం రొయ్యల సాగును ఆ నియంత్రణ పరిధి నుంచే తప్పించింది.

బొగ్గు పొగ విషయంలోనూ ఇంతే. గంధకపు వాయువుకు 2015 డిసెంబరులో కేంద్రం పరిమితులు పెట్టి రెండేళ్ల గడువిచ్చింది. గడువు పదేపదే జరిగింది. చివరికి 2025 జులైలో దేశంలోని విద్యుత్ యూనిట్లలో నాలుగింట మూడు వంతులకు పైగా ఆ వాయువును తొలగించే యంత్రాలు పెట్టనక్కరలేదని మినహాయించారు. ప్రమాణం రాసేది ఢిల్లీలో, సడలించేదీ ఢిల్లీలో. పీల్చేవాళ్లను మాత్రం ఎవరూ అడగలేదు.

అడగాల్సిన చోటు చట్టంలో ఒకటుంది. 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం జరిపే బహిరంగ విచారణకు పట్టాతో పనిలేదు. హాజరైన ప్రతివారికీ మాట్లాడే అవకాశం ఇవ్వాలి. ముప్ఫై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సభలో వచ్చిన మాటలన్నీ రాసి, చివర్లో స్థానిక భాషలో చదివి వినిపించాలి. మరి జరుగుతున్నదేమిటి? వందల పేజీల నివేదిక ఇంగ్లీషులో ఉంటుంది, తెలుగులో దొరికేది సారాంశమే. ముందు కుర్చీలు మోతుబరులవి, వెనక నిలబడేది స్త్రీలు. 2020లో తెచ్చిన ముసాయిదా ఆ ముప్ఫై రోజులను కూడా ఇరవైకి కుదించబోయింది. దాన్ని ప్రాంతీయ భాషల్లో అందుబాటులో ఉంచమని ఢిల్లీ హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. దేశమంతటా నిరసన వచ్చింది, ముసాయిదా ఖరారు కాలేదు.

"రేవు వద్దా? ఉద్యోగాలు వద్దా?" అని మనల్ని అడుగుతారు. వద్దని ఎవరన్నారు? అనుమతి పత్రంలో ప్రభుత్వమే రాసిన షరతులను అమలు చేయమంటున్నాం. షరతులు పాటిస్తే మూతపడే ప్రాజెక్టయితే దాన్ని అభివృద్ధి అనడమే తప్పు.

మన సంఘాలు ఇప్పుడే చేయగల పనులున్నాయి. అనుమతి వచ్చాక ఆ పత్రం ప్రతిని సంస్థ పంచాయతీకి ఇవ్వాలి, పంచాయతీ దాన్ని ముప్ఫై రోజులు ప్రదర్శించాలి. మన పంచాయతీ గోడ మీద అది ఎప్పుడైనా కనిపించిందా అని అడుగుదాం. షరతుల అమలు మీద సంస్థలు ఆరు నెలలకోసారి, జూన్ 1న, డిసెంబరు 1న ఇచ్చే నివేదికలు బహిరంగ పత్రాలే. వాటిని తెచ్చి తెలుగులో చదివి వినిపిద్దాం. అనుమతి మీద హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలుకు గడువు ముప్ఫై రోజులు, తగిన కారణం చూపితే మరో అరవై. ఈ తేదీలు తెలియక పోగొట్టుకున్న హక్కు ఇక తిరిగిరాదు.

భూసేకరణ జరిగే చోట 2013 చట్టాన్ని చేతిలో పెట్టుకుందాం. అది కూలీలను, కౌలుదారులను, మత్స్యకారులను బాధిత కుటుంబాలుగా గుర్తించింది. వితంతువులను, విడాకులు పొందినవారిని, కుటుంబం వదిలేసిన స్త్రీలను వేరే కుటుంబాలుగా లెక్కించమంది. వీళ్లు లెక్కలోకి వచ్చేది సామాజిక ప్రభావ అంచనాలో. 2018 రాష్ట్ర సవరణ కొన్ని రకాల ప్రాజెక్టులకు ఆ అంచనా నుంచే మినహాయింపునిచ్చే వీలు కల్పించింది. ఆ సవరణను రద్దు చేయాలి. బహిరంగ విచారణకు ముందు ప్రతి ఊళ్లో స్త్రీలకు ప్రత్యేక సభ జరపాలి, పూర్తి నివేదిక తెలుగులో ఇవ్వాలి. ఇవి మన కనీస కోర్కెలు కావాలి.

1992లో ఈ జిల్లా స్త్రీలు సారా వేలంపాటలను అడ్డుకున్నారు. వేలంలో మాట్లాడే హక్కు వాళ్లకు ఏ చట్టమూ ఇవ్వలేదు. అయినా వెళ్లారు. 1993 ఏప్రిల్‌లో జిల్లాలోనూ, అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. బహిరంగ విచారణలో మాట్లాడే హక్కును చట్టమే ఇచ్చింది. వచ్చే నోటీసు పడిన రోజు నుంచే ఊరూరా కూర్చుని, ఏమేం అడగాలో రాసుకుని, వరస కట్టి వెళ్దాం.