రొదను ఆపేదే మంచి ఇయర్‌ఫోన్

పొద్దున పూట మేడ్చల్ వైపు వెళ్లే 229 నంబరు బస్సు సుచిత్ర చేరేసరికే కాలు పెట్టే సందుండదు. కండ్లకోయ కాలేజీల పిల్లలు, మేడ్చల్ పారిశ్రామికవాడలో షిఫ్టుకు పోయేవాళ్లు, కొంపల్లిలో దిగాల్సినవాళ్లు అందరూ అందులోనే. అటు రాజీవ్ రహదారి మీద తూంకుంట మీదుగా శామీర్‌పేట పోయే బస్సుల్లోనూ ఇదే పరిస్థితి. నల్సార్, బిట్స్ విద్యార్థులు, జీనోమ్ వ్యాలీ ఉద్యోగులు ఒకరి భుజం మీద ఒకరు పడుతూ నిలబడతారు. 2023 డిసెంబరు 9న ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక రద్దీ ఇంకా పెరిగింది. అంత ఇరుకులో పుస్తకం తెరవలేరు, కునుకు తీయలేరు. మిగిలేది పాట ఒక్కటే. అందుకే చాలామంది చెవుల్లో ఏదో ఒక ఇయర్‌ఫోన్ కనబడుతుంది.

ఆ ఇయర్‌ఫోన్‌ను ఎలా ఎంచుకుంటున్నారన్నదే ఆలోచించాల్సిన సంగతి. దుకాణంలో అడిగే మొదటి ప్రశ్న ‘బాస్ ఎంతుంది’ అని. రెండోది ‘బ్యాటరీ ఎన్ని గంటలు’ అని. బయటి చప్పుడును ఎంత ఆపుతుందని అడిగేవారు అరుదు. ఈ రెండు రోడ్ల మీద రోజూ తిరిగేవాళ్లు అన్నిటికన్నా ముందు అడగాల్సింది అదే.

పాత డీజిల్ బస్సులో ఇంజను దగ్గరి సీట్లో రొద 80 డెసిబెల్స్ దాటడం మామూలే. దానికి హారన్లు, 44వ నంబరు జాతీయ రహదారి మీద ఫ్లైఓవర్ల పనులు, శామీర్‌పేట దారిలో హకీంపేట వైమానిక స్థావరం నుంచి లేచే శిక్షణ విమానాలు తోడవుతాయి. చెవిలోకి ఇంత హోరు వస్తుంటే పాట వినబడాలంటే దాన్ని మించి సౌండ్ పెంచాల్సిందే. తప్పు వినేవాళ్లది కాదు. వదులుగా కూర్చునే ఇయర్‌ఫోన్ వాళ్లకు వేరే దారి ఉంచదు.

చెవి రంధ్రంలోకి దిగే ఇయర్‌ఫోన్ పుట్టిందే ఈ అవసరం కోసం. 1979 జులైలో సోనీ వాక్‌మన్‌తో వచ్చిన హెడ్‌ఫోన్లకు పలచని ఫోమ్ దిండ్లుండేవి. అవి బయటి చప్పుడును ఏమాత్రం ఆపేవి కావు. 1991లో అమెరికాలో ఎటిమోటిక్ అనే సంస్థ ఈఆర్-4 అనే మోడల్ తెచ్చింది. వినికిడి పరికరాల నిపుణుడు మీడ్ కిలియన్ స్థాపించిన సంస్థ అది. ఇయర్‌ఫోన్ చెవి లోపలికి దిగి, ఇయర్ ప్లగ్‌లా రంధ్రాన్ని మూసి, ఆ నిశ్శబ్దంలో పాటను తక్కువ సౌండ్‌తో వినిపించాలన్నది దాని వెనకున్న ఆలోచన. 1995లో జెర్రీ హార్వే మొదలుపెట్టిన అల్టిమేట్ ఇయర్స్ కూడా వేదిక మీద డ్రమ్స్, గిటార్ల హోరు మధ్య తమ పాట తమకు వినబడక అల్లాడే సంగీతకారుల కోసం వచ్చిందే. ఈ రోజు రెండు వేలకు దొరికే ఇయర్‌ఫోన్‌కు మూలం అక్కడుంది.

కొత్త ఇయర్‌ఫోన్ పెట్టె తెరిస్తే చిన్న ప్లాస్టిక్ సంచిలో అదనపు రబ్బర్లుంటాయి. చిన్నవి, పెద్దవి. మధ్య సైజువి ముందే తొడిగి ఉంటాయి. ఆ సంచి చాలా ఇళ్లల్లో విప్పకుండానే పోతుంది. కొన్న సొమ్ములో సగం విలువ అందులోనే ఉంది. ఒకే మనిషికి కుడి చెవి రంధ్రం, ఎడమ చెవి రంధ్రం ఒకే కొలతలో ఉండకపోవచ్చు. ఒకవైపు చిన్నది, మరోవైపు మధ్య సైజుది సరిపోవడం వింత కాదు. ఒక చేత్తో చెవి దొప్పను కాస్త పైకి, వెనక్కి లాగి, రెండో చేత్తో ఇయర్‌ఫోన్‌ను మెల్లగా తిప్పుతూ లోపలికి పెట్టాలి. సరిగ్గా కుదిరితే పాట పెట్టకముందే ఫ్యాన్ చప్పుడు దూరమవుతుంది, మాట్లాడితే తన గొంతు తనకే తలలో మోగినట్టుంటుంది. కుదరకపోతే మూత పట్టని ప్రెషర్ కుక్కర్‌లా అంతా బయటికి పోతుంది. ముందుగా పోయేది బాస్. ‘ఇందులో బాస్ లేదు’ అని పక్కన పడేసిన ఇయర్‌ఫోన్లలో చాలావాటికి జబ్బు రబ్బరు సైజే.

రబ్బరు ఏ సైజూ పట్టనివాళ్లకు ఫోమ్ టిప్స్ ఉన్నాయి. వేళ్లతో నలిపి సన్నగా చేసి చెవిలో పెట్టి, అర నిమిషం పట్టుకుంటే అవి ఉబ్బి రంధ్రాన్ని నింపుతాయి. రొదను ఆపడంలో సిలికాన్ రబ్బర్ల కన్నా ఇవే మెరుగు. కొన్ని నెలలకు పాడవుతాయి, మార్చుకోవాలి. కళ్లజోడు ఉన్నవాళ్లు వైరును చెవి మీదుగా తిప్పుకునే మోడళ్లను ఒకసారి పెట్టుకుని చూశాకే కొనాలి. జోడు కాడ, వైరు రెండూ ఒకే చోట ఒత్తుకుంటే గంటలో నొప్పి మొదలవుతుంది.

సౌండ్ లెక్క తెలిస్తే ఇదంతా ఎందుకో అర్థమవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి 2019లో ప్రకటించిన ప్రమాణం ప్రకారం పెద్దవాళ్లు వారానికి 40 గంటలు 80 డెసిబెల్స్ వరకు వినవచ్చు. పిల్లలకు 75. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకు వినే సమయం సగం కావాలి. 83 అయితే 20 గంటలు, 86 అయితే 10, 92 అయితే రెండున్నర గంటలే. మేడ్చల్ నుంచి రోజూ పోనూ రానూ రెండు గంటలు బస్సులో 92 డెసిబెల్స్‌తో పాటలు వినే విద్యార్థికి వారం కోటా మంగళవారం పొద్దున బస్సులోనే అయిపోతుంది. చెవి లోపలి నత్తగుల్లలాంటి భాగంలో శబ్దాన్ని పట్టే రోమకణాలు సుమారు 15 వేలుంటాయి. మనిషిలో అవి ఒకసారి చస్తే మళ్లీ పుట్టవు. బాగా కుదిరిన ఇయర్‌ఫోన్ బయటి రొదను 15 నుంచి 20 డెసిబెల్స్ తగ్గిస్తే, పాట సౌండ్ కూడా ఆ మేరకు తగ్గించుకోవచ్చు. కొనేటప్పుడు చేసే ఎంపిక నేరుగా వినికిడి మీద పనిచేస్తుందన్నమాట.

రొదను యంత్రంతో తగ్గించే నాయిస్ క్యాన్సిలేషన్ గురించి ప్రకటనలు హోరెత్తుతున్నాయి. అది ఇంజను గురగురలాంటి ఏకధాటి చప్పుళ్లను బాగా తగ్గిస్తుంది. హారన్‌నూ, పక్క సీటులో ఫోన్ మాట్లాడే గొంతునూ అంత బాగా ఆపలేదు. వాటిని ఆపేది మళ్లీ ఆ రబ్బరే. చవక మోడల్‌లో ఈ మాట పెట్టె మీద చూసి వెయ్యి ఎక్కువ ఇవ్వడం కన్నా, ఆ డబ్బు మంచి టిప్స్ మీద పెట్టడం నయం.

వైరు ఉన్నదా, లేనిదా? 2016లో యాపిల్ ఐఫోన్ 7 నుంచి 3.5 ఎంఎం జాక్ తీసేసి, ఆ ఏడాది చివర్లో ఎయిర్‌పాడ్స్ తెచ్చాక మిగతా కంపెనీలూ అదే బాట పట్టాయి. నిలబడి ప్రయాణం చేసేవాళ్లకు వైరు లేనిది సుఖమే. ఎవరి సంచికో తగులుకుని ఊడిరాదు. కానీ ఆ గుండీలంత బడ్స్‌లోని చిన్న బ్యాటరీ రెండు మూడేళ్లలో నీరసిస్తుంది, దాన్ని మార్చే వీలు దాదాపు ఉండదు. జేబులోంచి ఒకటి జారి బస్సులో పడితే రెండోది వృథా. చైనాకు చెందిన కేజెడ్, మూన్‌డ్రాప్ లాంటి కంపెనీల వైరు మోడళ్లు రెండు వేల లోపే నాణ్యమైన ధ్వని ఇస్తున్నాయి. చాలావాటికి వైరు ఊడదీసి కొత్తది తగిలించుకోవచ్చు. జాక్ లేని ఫోన్‌కు చిన్న టైప్-సి కన్వర్టర్ చాలు. సెకనుకు 990 కిలోబిట్ల ఎల్‌డాక్ లాంటి బ్లూటూత్ విశేషాలు కదిలే బస్సులో చెవికి తెలియవు. బడ్జెట్ రెండు వేలే అయితే వైరు ఉన్నదే కొనడం తెలివైన పని.

ధ్వనిని పరీక్షించడానికి కంపెనీ వినిపించే డెమో పాట పనికిరాదు. ఏళ్లుగా విన్న తెలుగు పాటే మంచి తూకపురాయి. మాయాబజార్ (1957) నాటి పాటలు మోనో రికార్డింగులు. రెండు చెవుల్లోనూ ఒకటే ధ్వని కాబట్టి ఘంటసాల గొంతు తలకు సరిగ్గా నడిమధ్య నిలవాలి. ఒక పక్కకు ఒరిగితే ఇయర్‌ఫోన్‌లో లోపమైనా ఉండాలి, రబ్బరైనా పట్టలేదు. గీతాంజలి (1989)లో ఇళయరాజా బాస్ గిటార్ వరసలు విడివిడిగా నడవాలి, ఒకే దడదడగా కలిసిపోకూడదు. శంకరాభరణం (1980)లో బాలసుబ్రహ్మణ్యం పలికే ఒత్తులు, మహాప్రాణాలు స్పష్టంగా రావాలి, ‘స’, ‘ష’ల దగ్గర మాత్రం చెవిలో గుచ్చుకోకూడదు. మాటకు ప్రాణమిచ్చే పాట మనది. బాస్ పెంచి సాహిత్యాన్ని మింగేసే ఇయర్‌ఫోన్ ఎంత పేరున్నదైనా తెలుగు శ్రోతకు అక్కరకు రాదు.

రొదను ఆపే గుణమే రోడ్డు మీద ముప్పు. ఇందులో రాజీ లేదు. మేడ్చల్ మీదుగా ఉత్తరానికి వెళ్లే రైలు మార్గంలోనే మాసాయిపేట ఉంది. 2014 జులై 24న అక్కడ కాపలా లేని గేటు దగ్గర స్కూలు బస్సును నాందేడ్–సికింద్రాబాద్ ప్యాసింజర్ ఢీకొని పది మందికి పైగా చిన్నారులు చనిపోయారు. డ్రైవర్ ఫోన్‌లో మాట్లాడుతున్నాడని బతికిన పిల్లలు చెప్పినట్టు అప్పట్లో వార్తలొచ్చాయి. 2018 ఏప్రిల్‌లో ఉత్తరప్రదేశ్‌లోని కుషీనగర్‌లో 13 మంది పిల్లలు ఇలాగే పోయారు. అక్కడ డ్రైవర్ చెవుల్లో ఇయర్‌ఫోన్లున్నాయని ఆ రాష్ట్ర ముఖ్యమంత్రే అన్నారు. అయినా లారీలు తోసుకొచ్చే రాజీవ్ రహదారి మీద హెల్మెట్ కింద బడ్స్ పెట్టుకుని బండి నడిపే కుర్రాళ్లు రోజూ కనబడతారు. బస్సు ఆగకముందే, దిగే మెట్టు దగ్గరే ఇయర్‌ఫోన్ తీసి జేబులో వేయాలి. బండి మీదైతే అసలు పెట్టుకోకూడదు.

దుకాణదారులు చేయగలిగింది కూడా ఒకటుంది. అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లోనైనా, మేడ్చల్ సెంటర్‌లోని మొబైల్ షాపులోనైనా సీలు తీయనిదే వినే వీలుండదు, సీలు తీస్తే కొనాల్సిందే. మోడల్‌కొకటి నమూనా ముక్క ఉంచి, ప్రతి కొనుగోలుదారుకూ కొత్త రబ్బరు తొడిగి ఐదు నిమిషాలు విననిస్తే చాలు. రబ్బరు ఖరీదు ఎంతో కాదు. చెప్పులైనా కాలికి తొడిగి చూశాకే కొంటాం, చెవికి ఆపాటి మర్యాద దక్కాలి. కొనేవాళ్లు గట్టిగా అడిగితేనే ఇది జరుగుతుంది, కాబట్టి అడగండి.

పిల్లలకు కొనిచ్చే తల్లిదండ్రులు అదే రోజు ఫోన్ సెట్టింగ్స్‌లో సౌండ్ పరిమితి పెట్టి ఇవ్వండి. రబ్బర్లకు పట్టిన గుబిలిని వారానికోసారి తుడవమని, ఒకరివి ఒకరు పెట్టుకోవద్దని చెప్పండి. పాట ఆపాక చెవిలో గుయ్యిమనే మోత మర్నాటికీ తగ్గకపోతే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి ఉంది.