బతికింది చాలు అంటే సరిపోతుందా?

యాకుత్‌పురాలో ఒక ఇంటి గోడమీద పిల్లల ఎత్తు కొలిచిన బొగ్గు గీతలు చూశాను. చెల్లెలి గీత అక్క గీతను ఎప్పుడో దాటిపోయింది. "పెద్దది చావు తప్పించుకుంది ఆపా, ఇంక ఎత్తు సంగతి ఎవరడుగుతారు?" అంది తల్లి.

పెద్దమ్మాయికి పద్దెనిమిదేళ్లు. ఏడాది నిండకముందే రెటినోబ్లాస్టోమా, అంటే కంటి క్యాన్సర్, వచ్చింది. ఒక కన్ను తీసేశారు. రెండో కంటికి రేడియేషన్ ఇచ్చి చూపు నిలబెట్టారు. ఇప్పుడామె కణతలు లోపలికి పోయి ఉన్నాయి. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు ముఖం చూసి లేచి వెళ్లిపోతున్నారట.

సుమారు 15 నుంచి 20 వేల జననాల్లో ఒకరికి వచ్చే జబ్బు ఇది. కంటిపాపలో తెల్లటి మెరుపును తొందరగా గుర్తిస్తే బిడ్డ బతుకుతుంది. ఆ మాట మనం ప్రచారం చేస్తున్నాం. తర్వాతి సంగతి చెప్పడం లేదు. పసిబిడ్డ ఎముకకు రేడియేషన్ తగిలితే అక్కడ ఎదుగుదల కుంటుపడుతుంది. కనుగుడ్డు పెరుగుతూ ఉంటేనే కంటిగూడు పెరుగుతుంది. అందుకే కన్ను తీశాక లోపల గుండు అమర్చాలి, పైన పెట్టే కృత్రిమ కన్ను పిల్ల ఎదిగేకొద్దీ మార్చాలి. రేడియేషన్ పిట్యూటరీ గ్రంథి దాకా చేరితే ఎదుగుదల హార్మోను తగ్గవచ్చు. ఎముకల చివరలు మూసుకుపోకముందే పరీక్ష చేయించాలి. ఈ అమ్మాయికి ఆ గడువు దాటిపోయినట్టే ఉంది. ఇప్పుడు రేడియేషన్ బాగా తగ్గించి కీమోథెరపీ ఇస్తున్నారు. అందులో వాడే కార్బోప్లాటిన్ వల్ల వినికిడి దెబ్బతినవచ్చు. వంశపారంపర్య రకమైతే వేరే క్యాన్సర్లు రాకుండా జీవితాంతం కనిపెట్టుకుని ఉండాలి.

అత్తగారు మాత్రం "నీ కడుపు చెడ్డది" అంటూనే ఉందట. ఈ జబ్బుకు కారణమైన ఆర్‌బి1 జన్యువును గుర్తించింది 1986లో. కుటుంబంలో ఎవరికీ లేకుండా బిడ్డకు కొత్తగా వచ్చే వంశపారంపర్య లోపం ఎక్కువగా తండ్రి వైపు జన్యువులోనే పుడుతుందని తేలింది. తండ్రులను తిట్టమని కాదు, తల్లులను తిట్టడం ఆపమని.

చట్టమూ ఆదుకోలేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రిజర్వేషన్‌కు కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. ఒక కన్ను పోయి రెండోది బాగుంటే లెక్క 30 శాతమే. కంటి కొలతల్లో ముఖం ఎక్కడుంది, ఎత్తు ఎక్కడుంది?

ఎంత రేడియేషన్ ఇచ్చారో తెలియాలంటే పాత కాగితాలు కావాలి. 2020 అక్టోబరు వానలకు ఇంట్లోకి నీళ్లొచ్చి అవి పాడైపోయాయి. క్యాన్సర్ నుంచి బతికిన ప్రతి బిడ్డకూ ఏం వైద్యం చేశారు, ఏ వయసులో ఏ పరీక్ష చేయించాలి అని తెలుగులో, ఉర్దూలో రాసిన పుస్తకం తల్లి చేతికివ్వాలి, ఆసుపత్రిలో ఒక నకలు ఉంచాలి. పాతబస్తీలో పనిచేస్తున్న అక్కచెల్లెళ్లు ఇటువంటి ఇళ్లు తెలిస్తే మాకు రాయండి. పిల్ల ఎత్తు కూడా కొలిచి రాయండి.