రాయి గొప్పదా, సానపట్టిన చెయ్యి గొప్పదా?

సూరత్‌లోని కతర్‌గామ్‌కు నేను వెళ్ళింది ఎన్నికల కోసం. ఫుట్‌బాల్ గురించి ఆలోచిస్తూ తిరిగి వచ్చాను. 2022 నవంబరు చివరి వారం. డిసెంబరు 1న తొలి విడత పోలింగ్. ఆమ్ ఆద్మీ పార్టీ గుజరాత్ అధ్యక్షుడు గోపాల్ ఇటాలియా కతర్‌గామ్ నుంచే పోటీ చేస్తుండడంతో దేశంలోని పాత్రికేయులంతా ఆ వజ్రాల కార్ఖానాల వీధులకు చేరారు. అదే సమయంలో ఖతర్‌లో ప్రపంచ కప్ జరుగుతోంది. మెస్సీ ఉన్న అర్జెంటీనా సౌదీ అరేబియా చేతిలో 1-2తో ఓడి అప్పటికి రెండు మూడు రోజులైంది.

టీ దుకాణం దగ్గర నలుగురు కుర్ర కార్మికులు ఎన్నికలను పక్కనపెట్టి కోచ్ స్కలోనీని తిట్టిపోస్తున్నారు. ‘అంత జట్టును చేతిలో పెడితే ఓడించాడు’ అని ఒకడు. ‘గెలిచి ఉంటే మాత్రం ఏం గొప్ప? మెస్సీ ఉంటే నువ్వైనా గెలిపిస్తావు’ అని ఇంకొకడు. పక్కన బీడీ కాల్చుకుంటున్న పెద్దవయసు కార్మికుడొకరు నవ్వారు. ముప్పై ఏళ్లుగా సానచక్రం ముందు కూర్చున్న మనిషి. ఆయన హిందీలో అన్న మాటల సారం ఇది: ‘మా దగ్గర వజ్రం ధర చూసి పనివాణ్ని మెచ్చుకోరు. ధర రాయిది. ఏ రాయి ఇచ్చారు, అందులోంచి ఎంత రావాలి, ఎంత వచ్చింది? చేతి పనితనం అక్కడ తెలుస్తుంది.’

స్కలోనీ ఆ డిసెంబరు 18న కప్ ఎత్తాడు. తిట్టిన నోళ్ళే పొగిడి ఉంటాయి. ఆ పెద్దాయన మాట మాత్రం నన్ను వదలలేదు. డబ్బుకు, తారలకు లోటు లేని జట్టును నడిపేవాడి సామర్థ్యాన్ని దేనితో కొలవాలి? ఈ ప్రశ్న ఫుట్‌బాల్‌దే అయినా, రాజకీయాలు రాసి బతికే నాలాంటి వాడికి అది రోజూ ఎదురయ్యే ప్రశ్నే.

ఈ విషయంలో మనం రెండు రకాలుగా పొరబడతాం. మొదటిది, కప్పులు లెక్కపెట్టి కిరీటం పెట్టడం. పెప్ గార్డియోలా బార్సిలోనాలో నాలుగేళ్లలో 14 ట్రోఫీలు, బాయర్న్‌లో మూడేళ్లలో మూడు లీగ్ టైటిళ్ళు గెలిచాడు. మాంచెస్టర్ సిటీతో 2021 నుంచి 2024 వరకు వరుసగా నాలుగు ప్రీమియర్ లీగ్‌లు సాధించాడు. లెక్క ఘనమైనదే. కానీ దీర్ఘకాలంలో ఇంగ్లీషు లీగ్ పట్టికలో ఒక క్లబ్ స్థానాన్ని చాలావరకు నిర్ణయించేది అది ఆటగాళ్ళకిచ్చే జీతాల మొత్తమేనని ఆర్థికవేత్త స్టెఫాన్ జిమాన్‌స్కీ ఏనాడో చూపించాడు. ఎక్కువ జీతాలిచ్చే క్లబ్ పైన ఉండడం వార్త కాదు, కింద ఉంటేనే వార్త. పైగా సిటీపై ఆర్థిక నిబంధనల ఉల్లంఘనకు సంబంధించి 2023 ఫిబ్రవరిలో వందకు పైగా అభియోగాలు మోపారు. అభియోగం నేరం కాదు. అయినా, రాయి ఎలా వచ్చిందన్న ప్రశ్న ఉన్నంతకాలం చేతిని మెచ్చుకోవడంలో ఒక సంకోచం మిగిలే ఉంటుంది.

రెండో పొరపాటు దీనికి సరిగ్గా తలకిందులు. ‘డబ్బున్న క్లబ్బులో ఎవడైనా గెలుస్తాడు’ అని కొట్టిపారేయడం. ఇది వినడానికి సమానత్వవాదంలా ఉంటుంది కానీ చరిత్ర ముందు నిలవదు. 2017లో నెయ్‌మార్ కోసం 22 కోట్ల 20 లక్షల యూరోలు పోసిన పారిస్ సాం-జెర్మే, 2021లో మెస్సీని కూడా తెచ్చి ఎంబాపె పక్కన నిలబెట్టింది. ఆ ముగ్గురూ కలిసి ఆడిన రెండు సీజన్లలోనూ, పొచెత్తీనో ఉన్నప్పుడూ గాల్తియే ఉన్నప్పుడూ, చాంపియన్స్ లీగ్‌లో ఆఖరి పదహారు జట్ల దశలోనే ఇంటిముఖం పట్టింది. ముగ్గురూ వెళ్ళిపోయాక, లూయిస్ ఎన్రికే చేతిలో అదే క్లబ్ 2025 మే 31న మ్యూనిక్‌లో ఇంటర్‌ను 5-0తో చిత్తు చేసి తొలిసారి ఆ కప్పు గెలిచింది. డబ్బు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. మారింది ఏమిటి? వెనక్కి పరుగెత్తి బంతి కోసం పోరాడనివాడికి, వాడెంత పెద్ద పేరున్నవాడైనా, జట్టులో చోటు లేదని చెప్పగల మనిషి వచ్చాడు.

తారలను నడపడం చిన్న జట్టును నడపడం కన్నా తేలిక కాదు. అది వేరే విద్య. బ్రయన్ క్లఫ్ నాటింగ్‌హామ్ ఫారెస్ట్ లాంటి మామూలు క్లబ్బుతో 1979, 1980లలో వరుసగా యూరోపియన్ కప్పు గెలిచాడు. అదే మనిషి అంతకు ముందు 1974లో చాంపియన్ జట్టు లీడ్స్‌లో 44 రోజులే నిలవగలిగాడు. క్లాడియో రానియేరీ ఇంకా విచిత్రం. అబ్రమోవిచ్ డబ్బు వచ్చిన తొలి ఏడాది 2003-04లో చెల్సీని రెండో స్థానంలో నిలిపినా ఉద్యోగం పోయింది. ఆ కుర్చీలోకి వచ్చిన మొరీన్యో వెంటనే రెండు లీగ్‌లు గెలిచాడు. ‘చూశారా, తేడా చేతిదే’ అన్నారంతా. పుష్కరకాలం తిరక్కుండానే, 2015 డిసెంబరు 14న రానియేరీ లెస్టర్ చేతిలో మొరీన్యో చెల్సీ ఓడింది. మూడు రోజులకు మొరీన్యో ఉద్యోగం ఊడింది. ఆ సీజన్ లీగ్ విజేత లెస్టర్. మరుసటి ఫిబ్రవరి కాదు, ఆపై ఫిబ్రవరిలో రానియేరీనీ లెస్టర్ పంపించేసింది. వీరిలో ఎవరు గొప్ప? కప్పుల జాబితా దీనికి జవాబు చెప్పలేదు. ఏ రాయిలోంచి ఎవరు ఎంత తీశారన్న లెక్క కొంత చెబుతుంది.

ఇక మన ఊరి లెక్క చూద్దాం. ఈ చర్చలో ప్రపంచమంతా తిరిగి మన హైదరాబాద్‌ను మరిచిపోవడం మనకు అలవాటైపోయింది. సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులుగా జీవితం మొదలుపెట్టిన మనిషి. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు గెలిచింది. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదు సార్లు రోవర్స్ కప్పును హైదరాబాద్‌కు తెచ్చింది. ఆనాటి భారత ఫుట్‌బాల్‌లో ధనం, జనం, పత్రికలు అన్నీ కలకత్తావి. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ అంటే ఆనాటి మన రియల్ మాడ్రిడ్, బార్సిలోనా. మన దగ్గర ఉన్నది పోలీసు జీతాలు, మట్టి మైదానాలు. డ్రిబ్లింగ్ చేయకూడదనే పోటీలు, బలహీనమైన కాలితోనే తన్నాలనే పోటీలు పెట్టి రహీం ఆటగాళ్ళ అలవాట్లను మార్చాడు. లేని రాయిని కొనలేడు కాబట్టి ఉన్న రాయిని సానపట్టాడు.

కథ ఇక్కడితో ఆగితే రహీంను ‘పేదల కోచ్’ అనే గౌరవప్రదమైన గదిలో కూర్చోబెట్టి తలుపు వేసేయవచ్చు. కానీ ఆయనకు రెండో పరీక్ష కూడా పెట్టారు. జాతీయ జట్టు అంటే దేశంలోని తారలందరూ చేరిన గుంపు. చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ, మన అమ్ముగూడ బిడ్డ తులసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్, జర్నైల్ సింగ్. ఒక్కొక్కరు తమ క్లబ్బుకు ఆరాధ్య దైవం, క్లబ్బుల మధ్య పగలు తరాలవి. జాతీయ జట్టుతో 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. 1962 జకార్తాలో తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి. ఆ తర్వాత తలకు గాయమై కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్‌ను రహీం సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించాడు. ఫైనల్లో అదే కొరియాను 2-1తో ఓడించారు. ఆ రెండు గోళ్ళలో ఒకటి పి.కె.ది, రెండోది జర్నైల్‌ది. ఆ రోజు రహీం క్యాన్సర్‌తో ఉన్నాడు. 1963 జూన్‌లో కన్నుమూశాడు.

సామర్థ్యానికి నాకు తెలిసిన అత్యంత నిజాయతీగల కొలత ఇది. ముడిరాయి మారినా చెయ్యి నిలబడిందా? పేద జట్టులో ఆటగాణ్ని తయారు చేయగలగడం, గొప్ప జట్టులో తారను ఒప్పించగలగడం రెండూ ఒకే మనిషిలో కనిపించాయా? అన్నిటికీ మించి, ఆయన వెళ్ళాక ఏం జరిగింది? భారత్ ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో స్వర్ణం గెలవలేదు. 1970లో వచ్చిన కాంస్యమే చివరి పతకం.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. తర్వాత వచ్చినవారు ఓడిపోయినంత మాత్రాన ముందున్నవాడు మహానుభావుడని తేలిపోదు, రాయే మారిపోయి ఉండవచ్చు. మానోలో మార్కెజ్ 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీకి ఇండియన్ సూపర్ లీగ్ టైటిల్ తెచ్చాడు. ఆయన వెళ్ళాక 2023-24లో ఆ క్లబ్ పట్టిక అడుగుకు చేరింది. ఇది కొత్త కోచ్ అసమర్థతా? కాదు. డబ్బు ఎండిపోయింది, ఆటగాళ్ళు వెళ్ళిపోయారు. 2025లో ఆ క్లబ్బే హైదరాబాద్‌ను వదిలి ఢిల్లీకి తరలిపోయింది. రహీం ఊళ్ళో అగ్రశ్రేణి లీగ్ జట్టు లేకుండా పోయింది. ఇక అదే మానోలో భారత జట్టు కోచ్‌గా ఎనిమిది మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచి 2025లో తప్పుకున్నాడు. హైదరాబాద్‌లో మేధావి, ఢిల్లీలో మొద్దు అనుకోవాలా? క్లబ్ కోచ్‌కు ఏడాది పొడవునా ఆటగాళ్ళు దగ్గరుంటారు, జాతీయ కోచ్‌కు కొద్ది రోజులే. ఏం ఇచ్చారో చూడకుండా ఏం తెచ్చాడో అడగడం అన్యాయం.

మళ్ళీ కతర్‌గామ్‌కు వస్తాను. ఆ ఎన్నికల్లో ఇటాలియా ఓడిపోయారు. బీజేపీకి 182లో 156 స్థానాలు వచ్చాయి. గుజరాత్ చరిత్రలో అంతకుముందు ఏ పార్టీకీ అన్ని రాలేదు. ఫలితాల రాత్రి నేనూ అందరిలాగే ఆ పార్టీ రాష్ట్ర సారథి వ్యూహ చాతుర్యాన్ని ఆకాశానికెత్తుతూ రాశాను. ఆ వ్యాసం ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది. 2017లో ఆ పార్టీకి 99 స్థానాలు, సుమారు 49 శాతం ఓట్లు. 2022లో 156 స్థానాలు, 52.5 శాతం ఓట్లు. ఓట్లు పెరిగింది మూడున్నర శాతం, సీట్లు పెరిగింది 57. మధ్యలో జరిగిందేమిటంటే, కాంగ్రెస్ ఓటు 41 శాతం నుంచి 27కు పడిపోయింది, ఆప్ దాదాపు 13 శాతం తీసుకుంది. ఎదుటి జట్టు రెండుగా చీలి ఆడింది. సారథికి ప్రతిభ లేదని నేననడం లేదు. ఆ 57 సీట్లలో ప్రతిభ వాటా ఎంతో విడదీసి చూసే శ్రమ నేను పడలేదు, అంతే.

2024 ఏప్రిల్ 22న ఇదే సూరత్‌లో మరో విడ్డూరం. కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ తిరస్కరణకు గురై, మిగిలినవారు ఉపసంహరించుకోవడంతో బీజేపీ అభ్యర్థి ముకేశ్ దలాల్ పోటీ లేకుండా లోక్‌సభకు ఎన్నికయ్యారు. పట్టికలో అదీ ఒక గెలుపే. ఎదుటి జట్టు మైదానంలోకి రాని మ్యాచ్ చూసి కోచ్ ప్రతిభను ఎవరు అంచనా వేస్తారు? ఇక కతర్‌గామ్‌లో ఓడిన ఇటాలియా 2025 జూన్‌లో విసావదర్ ఉపఎన్నికలో గెలిచారు. మూడేళ్లలో ఆయన బుర్ర మారలేదు. నేల మారింది.

అధికారం, ధనం, ప్రచార యంత్రాంగం ఉన్న పార్టీ నాయకుణ్ని చూసి మనం ‘చాణక్యుడు’ అంటాం. అవేవీ లేని నాయకుడు ఐదు సీట్లు తెస్తే ‘విఫలుడు’ అంటాం. మిగులు ఆదాయంతో మొదలైన రాష్ట్రపు ముఖ్యమంత్రినీ, లోటు బడ్జెట్‌తో మొదలైన రాష్ట్రపు ముఖ్యమంత్రినీ ఒకే త్రాసులో తూచుతాం. 2014 తర్వాత మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఈ తూకం ఎన్ని వాదనలను పెడదోవ పట్టించిందో పాఠకులకు వేరే చెప్పాలా? దీనివల్ల కలిగే నష్టం మాటలతో పోదు. కప్పునే కొలతగా తీసుకున్న సమాజం, మట్టి మైదానంలో ఆటగాణ్ని తయారు చేస్తున్న రహీంలను గుర్తించలేదు. గుర్తించనివారికి నిధులివ్వదు. చివరకు తయారు చేసేవాళ్ళే కరవై, కొనేవాళ్ళు మాత్రమే మిగులుతారు.

అందుకే ఇకపై ఎవరి విజయం గురించి రాసినా మూడు ప్రశ్నలు వేసుకోవాలని అనుకుంటున్నాను. చేతికి ఏమిచ్చారు? అదే సరుకుతో ఇంతకు ముందువాళ్ళు ఏం చేశారు? ఈయన ఎవరికి ‘కాదు’ అని చెప్పగలిగాడు? తారలతో నిండిన జట్టులో, విధేయులతో నిండిన పార్టీలో, మూడో ప్రశ్నే అసలు పరీక్ష. ధనం అన్నిటినీ కొనిపెడుతుంది గానీ, కొన్నదాన్ని పక్కన కూర్చోబెట్టే ధైర్యాన్ని కొనిపెట్టదు.

ముడిరాయిలో సగానికి సగం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, సానలో పొడిగా పోతుంది. పోయినదాన్ని చూసి భయపడేవాడు రాయిని రాయిగానే ఉంచుతాడు. కతర్‌గామ్ కార్మికుడికి అది తెలుసు. తూకం వేయాల్సిన మనమే ఇంకా ధర చీటీ చదువుతున్నాం.