కుండలము స్త్రీభూషణమా?

చెవికి ఆభరణము స్త్రీలకే సహజమనియు, పురుషుడు దానిని ధరించుట ఇటీవలి వింతయనియు ఒక తలంపు విద్యావంతులలో సైతము నాటుకొని యున్నది. చెవిపోగుతో తరగతికి వచ్చిన బాలుని చూచి, ఇది మన సంప్రదాయము కాదని చెప్పి దానిని తీయించుటయు అక్కడక్కడ జరుగుచున్నది. విద్యాలయమున ఆభరణములు ఎవ్వరికిని వలదను నియమము వేఱు. అది క్రమశిక్షణకు సంబంధించినది. సంప్రదాయము పేర పురుషునకు మాత్రమే నిషేధించుట వేఱు. ఈ రెండవదానికి ప్రమాణము కావలెను. అట్టి ప్రమాణము కలదా యని లోకము అడుగునది ప్రాచ్యకళాశాలల పండితులనే గనుక ఈ విషయము విచారణీయమగుచున్నది.

ముందుగా శ్రుతి. ఋగ్వేదము ప్రథమమండలము 122వ సూక్తమున హిరణ్యకర్ణ, మణిగ్రీవ పదములు కలవు. అష్టమమండలము 78వ సూక్తమున ఋషి ఇంద్రుని యాచించిన సంపదలలో కర్ణశోభనములు కూడ చేరియున్నవి. ఈ రెండు తావులను స్త్రీప్రసక్తి లేదు. చెవిబంగారము వైభవచిహ్నమను భావము మాత్రమే కలదు.

గృహ్యసూత్రములయందు విషయము మఱింత స్పష్టము. సమావర్తనమునకు సిద్ధపఱుపవలసిన వస్తువులను చెప్పుచు ఆశ్వలాయనుడు మణిని, కుండలముల జంటను, వస్త్రయుగమును, గొడుగును, పాదరక్షలను, దండమును, మాలను, అనులేపనాంజనములను, తలపాగను పేర్కొని, వీనిని తనకును ఆచార్యునకును కూడ సమకూర్చవలెనని విధించెను. శిష్యునకే గాక గురువునకును కుండలములు విహితములని దీనివలన తేలుచున్నది. తెలుగునాట అధికసంఖ్యాకులకు సూత్రకారుడైన ఆపస్తంబుడు వీనిని ప్రవర్తశబ్దముతో నిర్దేశించి, వస్త్రపుటంచునకు వానిని ముడిచి, దర్వియందుంచి, వానిమీదుగా ఆజ్యాహుతులు వేల్చి, పిమ్మట మంత్రపూర్వకముగ కుడిచెవికిని ఎడమచెవికిని కట్టుకొనవలెనని చెప్పెను. ఒక ఆభరణమునకు ఇంతటి ప్రయోగమును విధించిన శాస్త్రము దానిని పురుషానుచితముగ తలచినదనుట పొసగదు.

మనుస్మృతి చతుర్థాధ్యాయమున స్నాతకుడు వెదురుకఱ్ఱను, ఉదకముతో కూడిన కమండలువును, యజ్ఞోపవీతమును, దర్భముష్టిని, ప్రకాశించు బంగారుకుండలములను ధరింపవలెనని కలదు. బ్రహ్మచారికి గంధమాల్యాదులు నిషిద్ధములు. విద్య ముగించి స్నానము చేసినవానికి కుండలములు విహితములు. సన్న్యాసికి మరల సర్వపరిత్యాగము. కావున ధర్మశాస్త్రదృష్టిలో కుండలము తెలుపు భేదము స్త్రీపురుషభేదము కాదు, ఆశ్రమభేదము. ఈతడు విద్యాసమాప్తి చేసినవాడు, గృహస్థధర్మమునకు అర్హుడు అని చూచువారికి కుండలమే తెలిపెడిది.

ఇతిహాసములును దీనికి అనుకూలములే. మహాభారతము ఆదిపర్వమున ఉదంకుడు గురుపత్ని కోరికపై పౌష్యమహారాజు దేవి కుండలములను యాచించి తెచ్చుచుండగా తక్షకుడు వానిని అపహరించెను. అరణ్యపర్వమున కర్ణుడు సహజములైన తన కుండలములను కవచముతోడ ఇంద్రునకు దానమిచ్చెను. మొదటివి స్త్రీవి, రెండవవి పురుషునివి, శబ్దమొక్కటియే. తెలుగువారు మొదటి కథను నన్నయభట్టు వలనను, రెండవదానిని ఎఱ్ఱన వలనను వినినవారే. వాల్మీకి బాలకాండ షష్ఠసర్గమున అయోధ్యను వర్ణించుచు, కుండలములు లేనివాడు ఆ నగరమున లేడని చెప్పెను. చెవి బోసిగ నుండుట అచట లేమికి గుర్తు.

శాస్త్రకారులకును కుండలము అతిపరిచితము. పతంజలి పస్పశాహ్నికమున బంగారపుముద్ద అనేకాకృతులు దాల్చి తుదకు చండ్రనిప్పుల వన్నెగల కుండలములగుటను దృష్టాంతముగ చూపెను. విశేషణవిచారము వచ్చినపుడు దండి, కుండలి యైన దేవదత్తుడు విద్యార్థికి ఎదురుపడుచునే యుండును. దృష్టాంతము వాదిప్రతివాదుల కిరువురకును సమ్మతమై, లోకప్రసిద్ధమై యుండవలెను గదా! కుండలములు గల పురుషుడు వింతయైనచో దేవదత్తుడు ఆ స్థానమునకు పనికిరాకపోయెడివాడు.

ఇచ్చట ఒక పూర్వపక్షము కలదు. పురుషునకు చెవులు కుట్టుట ఆరోగ్యార్థమే గాని అలంకారార్థము కాదని కొందఱందురు. సుశ్రుతసంహిత సూత్రస్థానము 16వ అధ్యాయమే దీనికి సమాధానము. శిశువునకు చెవులు కుట్టుటకు రక్ష, భూషణము అను రెండు ప్రయోజనములను ఆచార్యుడు ఆరంభముననే చెప్పెను. ఆరవ లేక ఏడవ మాసమున, శుక్లపక్షమున, బిడ్డను దాది యొడిలో కూర్చుండబెట్టి, ఆటవస్తువులతో మఱపించి, సూర్యకిరణములు ప్రసరించు సహజచ్ఛిద్రమున కుట్టవలెను. బాలునకు ముందు కుడిచెవి, బాలికకు ముందు ఎడమచెవి. పిమ్మట దూదివత్తి నుంచి, మూడేసి దినములకు ఇంకను లావైన వత్తిని మార్చుచు రంధ్రమును పెంచవలెను. ఆభరణము ధరింపనిచో రంధ్రమును పెంచుట యెందులకు? అంత్రవృద్ధికై చెవి సమీపమున చేయు సిరావేధము చికిత్సాస్థానము 19వ అధ్యాయమున వేఱుగ చెప్పబడినది. దానిని కర్ణవేధముతో కలిపివేయుట వలననే ఈ భ్రాంతి కలుగుచున్నది.

అట్లైనచో కర్ణాభరణమున స్త్రీపురుషభేదమే లేదా యనిన, కలదు. అది ధరించుటయందు కాదు, రూపమునందు. దక్షిణదేశపు శివమూర్తులలో కుడిచెవికి మకరకుండలము, ఎడమచెవికి పత్రకుండలము కనిపించును. చెవులు రెండును అలంకృతములే. అమరసింహుని రీతియు గమనింపదగినది. నడుమునకు చెప్పునపుడు స్త్రీకటికి మేఖల, కాంచి మొదలగువానిని, పురుషకటికి శృంఖలమును అతడు విడదీసి చెప్పెను. చెవికి చెప్పునపుడు కర్ణిక, తాళపత్రము, కుండలము, కర్ణవేష్టనము అని మాత్రమే చెప్పి ఊరకుండెను. భేదమున్నచోట చెప్పువాడు ఇచట చెప్పకుండుట యాదృచ్ఛికము కాదు. తెలుగున కమ్మ శబ్దము తాటియాకునకును చెవిసొమ్మునకును కూడ వాచకమై, తాళపత్రమను సంస్కృతనామమునకు తోడు నిలుచుచున్నది. వాడుకలో కమ్మ స్త్రీపరముగ రూఢమైనను, పోగు ఇరువురకును చెల్లుచున్నది.

శిల్పమును ఇదియే చెప్పుచున్నది. అమరావతీశిల్పములలో పురుషులును స్త్రీలును బరువైన కర్ణాభరణములతో కనిపింతురు. బుద్ధమూర్తుల వ్రేలాడు చెవితమ్మెలు రాజకుమారదశలో ధరించి విడిచిన కుండలములను స్మరింపజేయును. ఈ అలంకారము ఒక మతమునకే పరిమితము కాలేదు. 1614లో జహంగీరు వ్యాధినుండి కోలుకొని, అజ్మీరు ఖ్వాజా మొయినుద్దీన్ యెడల భక్తితో చెవులు కుట్టించుకొని ముత్యములు ధరింపగా, ఆస్థానమున అనేకులు ఆయనను అనుసరించిరి.

తెలుగు పల్లెలలో వృద్ధులైన రైతులు, గొఱ్ఱెలకాపరులు చెవిపోగులతో నుండుట గ్రంథపఠనము వలన వచ్చినది కాదు, అది లోకాచారము. మగబిడ్డకు చెవులు కుట్టించు వేడుకయు నేటికిని జరుగుచునే యున్నది. మేనమామ యొడిలో కూర్చుండబెట్టి కంసాలిచేత కుట్టింతురు. కొలదికాలమునకు పోగు తీసివేయుదురు, రంధ్రము పూడుకొనును. వివాహమునకు ముందు జరుగు స్నాతకమునను గొడుగు, కఱ్ఱ, పాదుకలు నిలిచినవి. ప్రవర్తములు చాలచోట్ల కంటికి కనబడకయే పోయినవి. ఆంగ్లవిద్యతోను కచేరీ ఉద్యోగములతోను వచ్చిన వేషాభిరుచియే దీనికి ముఖ్యకారణమని తోచుచున్నది. ఆచారము మాఱుట కాలధర్మము. అందు దోషము లేదు. ధరింపనివానిని ధరింపుమని నిర్బంధించుటయు తగదు. కాని నిన్నమొన్న వచ్చిన వేషమును సనాతనమని చెప్పి, సూత్రకారులు విధించినదానిని అనాచారమనుట మాత్రము పండితులు సహింపదగినది కాదు.

ఈ విషయమున ప్రాచ్యకళాశాలల వారు చేయదగినవి మూడు కలవు. టీకలును నిఘంటువులును సిద్ధము చేయువారు కుండలమునకు స్త్రీల చెవికమ్మయని అర్థము వ్రాయక, స్త్రీపురుషులు ధరించు కర్ణాభరణమని వ్రాయవలెను. కర్ణునికథ చదువు విద్యార్థికి మొదటి అర్థము అన్వయింపదు. సమావర్తనమును బోధించువారు ప్రవర్తధారణమును ఒక పదార్థవివరణముతో దాటవేయక, దాని ప్రయోగమును, ఆశ్రమసూచకత్వమును వివరింపవలెను. సంప్రదాయమేమని పాఠశాలలవారో తల్లిదండ్రులో అడిగినపుడు, పురుషునకు కర్ణాభరణనిషేధము ఈ గ్రంథములలో ఎచటను లేదని, విధి మాత్రము కలదని నిస్సంకోచముగ చెప్పవలెను. నియమము కావలసినవారు దానిని తమ అధికారముతోనే చేసికొందురుగాక. అందుకు శాస్త్రమును సాక్షిగ పిలువరాదు.